వెనక్కి పరుగెత్తే కాలు

నాన్నకి,

నీ కూతురు నమస్కారం చేసి రాస్తున్నది. ఇక్కడ నేను బాగానే ఉన్నాను. అక్కడ మీరిద్దరూ కూడా బాగున్నారని రాసేసి అసలు విషయానికి వద్దామనుకున్నాను గానీ, ఆ మాటలో సగం అబద్ధమని తెలిసి రాయడానికి చెయ్యి రాలేదు. అమ్మ బాగుంది. నీ సంగతి తర్వాత రాస్తాను.

నీ ఉత్తరం అందింది. "నటీమణి గారికి" అని మొదలుపెట్టావు. కవరు మీద మాత్రం పేరు ముత్యాల్లాంటి అక్షరాలతో సరిగ్గా రాశావు, పోస్ట్‌మ్యాన్ ముందు పరువు పోకూడదని కాబోలు. ఈ బిరుదు నాకు కొత్త కాదు. మన ఇంట్లో నా గురించి ఒక తీర్పు ఎప్పుడో అయిపోయింది. ఇది కష్టం వస్తే తప్పించుకునే రకం, నాలుగు పుస్తకాలు చదివింది కాబట్టి తప్పించుకోడానికి మంచి మంచి మాటలు వెతుక్కుంటుంది అని. నేను ఏడవకపోతే నొప్పి లేదన్నారు. ఏడిస్తే నటన అన్నారు. ఈ రెండింటికీ మధ్య నేనేం చేసి ఉంటే నమ్మేవాళ్లో, అప్పుడప్పుడు తీరిగ్గా కూర్చుని ఆలోచిస్తాను. ఇంతవరకు దొరకలేదు.

నీ ఉత్తరంలో నాకు పురమాయించినవి రెండు. పరుగు పందేల సెలక్షన్ పోటీలకి నా పేరు ఇచ్చేశావు కాబట్టి సెలవు పెట్టి వచ్చెయ్యాలి, అది ఒకటి. రెండోది ఉత్తరం చివర, సంతకం కింద, అప్పుడే గుర్తొచ్చినట్టు రాశావు. మా ఆసుపత్రిలో ఎవరో ఒక డాక్టరుని పట్టుకుని నీకు ఫిట్‌నెస్ సర్టిఫికెట్ రాయించి పంపాలి, "పరీక్షలూ గిరీక్షలూ లేకుండా". కొండ మీద క్యాంపు మొదలయ్యేలోగా అది మీ స్పోర్ట్స్ హాస్టల్ ఆఫీసులో ఇవ్వకపోతే జట్టు వెంట నిన్ను పంపరు. పంపకపోతే వచ్చే ఏడు కోచ్‌గా నిన్ను ఉంచుతారో లేదో తెలియదు. రెండింటికీ జవాబు రాస్తాను. ఫోన్‌లో చెప్పొచ్చు కదా అంటావేమో. మనిద్దరి మధ్య ఫోన్ ఎలా నడుస్తుందో నీకూ తెలుసు. హలో అన్నంతవరకే నెమ్మది. అందుకే ఉత్తరం. ముందు నా కాలు, తర్వాత నీ కాలు.

"విని టైపు చేయడం కూడా ఒక ఉద్యోగమేనా" అని అడిగావు. ఉద్యోగమే. ఆసుపత్రి వెనక భాగంలో, బట్టలుతికే గది పక్కన, కిటికీ లేని ఒక పొడవాటి గది మాది. గోడ అవతల యంత్రాలు తిరుగుతుంటే మా బల్లలు కూడా సన్నగా వణుకుతుంటాయి. డాక్టర్లు రోగిని చూశాక రిపోర్టు నోటితో చెప్పేస్తారు. దాన్ని మేము హెడ్‌ఫోన్లలో విని టైపు చేస్తాం. బల్ల కింద కుట్టుమిషన్‌కి ఉన్నట్టు ఒక పెడల్ ఉంటుంది. తొక్కితే డాక్టరు మాట్లాడతాడు, వదిలితే ఆగిపోతాడు, మడమతో నొక్కితే వెనక్కి వెళ్లి మళ్లీ చెప్తాడు. పెద్ద పెద్ద డాక్టర్ల నోళ్లన్నీ నా ఎడమ కాలి కిందే ఉన్నాయని మొదట్లో తెగ సంబరపడ్డాను. గమనించావా, ఎడమ కాలు. నువ్వు దొంగ కాలు అన్నదే. పొద్దుటినుంచి సాయంత్రం దాకా పెడల్ తొక్కుతుంది, ఒక్కసారి కూడా మొండికెయ్యదు.

మాలో అందరికంటే సీనియర్‌ని అందరం కామా అక్క అంటాం. వాక్యంలో కామా తప్పితే మనిషి ప్రాణం పోయినట్టు చూస్తుంది. డాక్టర్లకీ మేం పేర్లు పెట్టుకున్నాం. రక్తనాళాలు చూసే పెద్దాయన ప్లంబరు. ఎప్పుడూ గొట్టాలు, పాచి, అడ్డం, ఇవే మాటలు. కదలికల జబ్బులు చూసే ఆవిడ నెమ్మది డాక్టరమ్మ. చేతులు వణికేవాళ్లు, మెడ ఒక పక్కకి తిరిగిపోయేవాళ్లు, అడుగు పడక గుమ్మంలోనే నిలబడిపోయేవాళ్లు ఆవిడ దగ్గరికి వస్తారు. ఒక్కో మాటా ఏరి పక్కన పెట్టినట్టు మాట్లాడుతుంది.

ఒకరోజు ఆవిడ రిపోర్టే టైపు చేస్తున్నాను. ఎవరో దూరపు పరుగులు పరుగెత్తే మనిషి. "నడకలో ఏమీ లేదు. మెట్లు ఎక్కడంలో ఏమీ లేదు. పరుగు అందుకున్న కాసేపటికి ఎడమ పాదం లోపలికి తిరుగుతోంది. వేళ్లు బూటులో ముడుచుకుంటున్నాయి. వెనక్కి పరుగెత్తినప్పుడు పాదం మామూలుగా ఉంది." నా కాలు పెడల్ మీంచి లేచిపోయింది. మళ్లీ వెనక్కి తిప్పి విన్నాను. మళ్లీ విన్నాను.

"ఏంటే, వినపడలేదా? ఆవిడ అంత నెమ్మదిగా చెప్తే కూడానా?" అంది కామా అక్క.

"వినపడింది అక్కా. అందుకే."

నువ్వు మర్చిపోయి ఉంటావు. ఆ పెద్ద పోటీలో చివరి మలుపు దగ్గర నా పాదం లోపలికి తిరిగిపోయి, ఇంకో కాలి చీలమండని గీరుకుంటూ అందరికంటే వెనక వచ్చాను. మర్నాడు పొద్దున్న ప్రాక్టీసుకి జట్టంతా వరుసలో నిలబడి ఉంది. గ్రౌండులో నిన్ను సార్ అనాలి, ఇంట్లోనే నాన్న. చిన్నప్పటి నుంచి ఆ గేటు దగ్గర నాలుక మార్చుకోవడం నాకు అలవాటే.

"వెనక్కి పరుగెత్తు" అన్నావు.

"సార్?"

"చెవుడు కూడా వచ్చిందా? వెనక్కి. ఆ చివరి దాకా."

పరుగెత్తాను. పాదం చక్కగా పడింది. నాకే ఆశ్చర్యం వేసింది. ఆ క్షణంలో, పిచ్చిదాన్ని, తగ్గిపోయిందని సంతోషపడ్డాను కూడా. నువ్వు ఈల జేబులో వేసుకుని వరుస వైపు తిరిగావు.

"చూశారా! ముందుకి వెళ్లాలంటే కుంటి, వెనక్కి వెళ్లాలంటే లేడిపిల్ల. రోగం కాల్లో లేదమ్మా, బుద్ధిలో ఉంది."

పిల్లలు నవ్వారు. వాళ్ల తప్పు లేదు, సార్ జోకేస్తే నవ్వాలి కదా. నేనూ నవ్వాను. ఆ రోజు జరిగిన వాటిలో నేను ఇప్పటికీ మింగలేకపోతున్నది అదొక్కటే. వాళ్లతో కలిసి నేనూ నవ్వడం.

తర్వాత నువ్వు చేసిన వైద్యం ఏమిటో నీకు గుర్తుంటుంది. చీలమండలకి ఇసుక సంచులు కట్టించావు. పాదం తిరగకుండా పట్టీలు బిగించావు. నొప్పిని పరుగెత్తి చంపాలన్నావు. ఎంత ఎక్కువ పరుగెత్తితే అంత తొందరగా తిరిగేది. ఇంకా ఎక్కువ నటిస్తున్నానని నువ్వు ఇంకా పరుగెత్తించేవాడివి. అమ్మ వాకిట్లో నా బూట్లు ఎండబెడుతూ ఒకసారి ఆగి, "ఇదేంటి, ఎడమది ఒక్కవైపే ఇంత అరిగింది?" అంది. నటించేవాళ్ల బూట్లు కూడా నటిస్తాయా అని ఎవరూ అడగలేదు.

ఇక ఇక్కడి సంగతి. ఆ రిపోర్టు విన్నాక నేనే వెళ్లి నా కాలు సంగతి చెప్పుకుంటే, నెమ్మది డాక్టరమ్మ నన్ను ఊరికే నమ్మలేదు. ముందు ఎముకలు చూపించింది. తర్వాత మోకాలి వెనక రక్తనాళం ఎక్కడైనా నొక్కుకుపోతోందేమోనని ప్లంబరు దగ్గరికి పంపింది. ఆటగాళ్లలో పిక్కలు బాగా పెరిగి అలా జరుగుతుందట. ఆయన బీపీ చూసే పట్టీ చేతికి కట్టాడు, చీలమండకి కూడా కట్టాడు. చేతి దగ్గర రక్తపోటెంత, కాలి దగ్గరెంత, రెండూ దాదాపు సమానంగా ఉంటే దారి తెరిచి ఉన్నట్టు, కాలి దగ్గర బాగా పడిపోతే మధ్యలో ఎక్కడో పూడుకున్నట్టు. నా వేలు పట్టుకుని నా పాదం పైన నాడి ఎక్కడ కొట్టుకుంటుందో తాకించాడు. "గుర్రంలా ఎగురుతోంది చూడు, నీ గొట్టాలకి ఏ ఢోకా లేదు" అన్నాడు. అప్పటిదాకా పాదం మీద కూడా నాడి ఉంటుందని నాకు తెలియదు. కోచ్ కూతుర్ని, మణికట్టు మీద తప్ప నాడి చూడలేదు.

అన్నీ అయ్యాక డాక్టరమ్మ నన్ను వరండాలోకి తీసుకొచ్చింది. వెంట ఇద్దరు జూనియర్ డాక్టర్లు. ముందుకి పరుగెత్తించింది. స్ట్రెచర్ నిలబెట్టిన చోటు దాటకముందే పాదం తిరిగింది.

"ఇప్పుడు వెనక్కి" అంది.

నేను కదల్లేదు.

"ఏమ్మా?"

"వెనక్కి వద్దు మేడమ్. వెనక్కి బాగానే వెళ్తాను. మీరు కూడా నవ్వుతారు."

ఆవిడ జూనియర్లని పక్కకి జరగమంది. "నువ్వు బాగా వెళ్తే నాకు కావాల్సింది దొరికినట్టే. వెళ్లు."

వెళ్లాను. పాదం ఎప్పట్లాగే బుద్ధిగా పడింది. ఆవిడ జూనియర్ల వైపు తిరిగి, "చూశారా" అంది. నువ్వన్న మాటే నాన్నా, అదే వరస. "ముందుకి పరుగులో వస్తుంది, వెనక్కి పరుగులో పోతుంది. కీలు చెడితే ఎటు పరుగెత్తినా చెడ్డదే. ఇది కీలు కాదు, కదలిక. ఇదే దీని గుర్తు." నువ్వు దొంగతనానికి రుజువుగా చూపించినదాన్నే ఆవిడ జబ్బుకి రుజువుగా చూపించింది. ఇద్దరూ చూసింది ఒకే కాలు.

దీన్ని డిస్టోనియా అంటారు. ఒకే పనిని ఏళ్ల తరబడి లెక్కలేనన్నిసార్లు చేయిస్తే కొందరి మెదడులో ఆ పని తాలూకు ఆజ్ఞ గజిబిజి అయిపోతుందట. ఒక కండరానికి వెళ్లాల్సిన మాట పక్క కండరాలకి కూడా వెళ్తుంది. రాసేవాళ్లకి చేతికి వస్తుంది, వాయించేవాళ్లకి వేళ్లకి వస్తుంది. ఆ ఒక్క పనిలోనే వస్తుంది, మిగతా పనుల్లో మనిషి మామూలుగానే ఉంటాడు, చూసేవాళ్లకి నాటకంలా ఉంటుంది. ఎందుకు కొందరికే వస్తుందో తమకీ పూర్తిగా తెలియదని డాక్టరమ్మ ఒప్పుకుంది. తెలియదు అన్న మాట అంత తేలిగ్గా అనే పెద్దవాళ్లని నేను అంతకుముందు చూడలేదు.

బయటికొచ్చి వరండా బల్ల మీద కూర్చున్నాను. నాకు జబ్బుందని తెలిసి అంత సంతోషించిన మనిషిని ఆ ఆసుపత్రి గోడలు చూసి ఉండవు. తర్వాత ఇంజక్షన్ వేశారు. జనం మొహం మీద ముడతలు పోవడానికి వేయించుకుంటారు చూడు, ఆ మందే. నాకు పిక్కలో వేశారు. "మొహానికి అక్కర్లేదులే, కాలైనా అందంగా ఉంటుంది" అని కామా అక్క ఒకటే నవ్వు. పోటీల సంగతి అడిగితే డాక్టరమ్మ కలం మూత పెట్టేసి చెప్పింది. "నడకకి భయం లేదు. సరదాకి పరుగెత్తుతావు. మునుపటి వేగానికి చాలామంది రారు. నీకు వస్తుందని నేను అబద్ధం చెప్పను."

ఇదంతా నీకు కిందటి ఉత్తరంలోనే రాశాను. నువ్వు ఏమన్నావు? "వెనక్కి పరుగెత్తితే పోయే జబ్బు ప్రపంచంలో ఎక్కడా లేదు. డాక్టర్లకి ఏదో ఒక పేరు పెట్టకపోతే పూట గడవదు." పైగా నా పేరు పోటీలకి ఇచ్చేశావు. కాబట్టి మొదటిదానికి జవాబు: రాను. ఎవరి పేరు రాసుకుంటావో రాసుకో.

అన్నం వేళకి తింటున్నానా అని అడిగావు. తింటున్నాను. పొద్దున్న లేవగానే నాడి ఎంత ఉంటోందని అడిగావు. మిగతా తండ్రులు క్షేమమా అంటారు, నువ్వు నాడి ఎంత అంటావు. చిన్నప్పుడు నీ మణికట్టు నా చేతికిచ్చి, "చూడు, ఎంత నెమ్మదిగా కొట్టుకుంటోందో, ఇది అథ్లెట్ గుండె, మామూలువాళ్ల గుండె రెండుసార్లు కొట్టుకుని చేసే పని ఇది ఒక్క దెబ్బలో చేస్తుంది" అనేవాడివి. నేను స్కూల్లో అందరికీ చెప్పుకునేదాన్ని. నీ గుండె సంగతి ఇప్పటికీ నిజమే కావచ్చు. కానీ పంపు బాగున్నంత మాత్రాన గొట్టాలు బాగున్నట్టు కాదు. ఇది ప్లంబరు మాట.

కిందటి నెల నువ్వు కోచ్‌ల మీటింగుకని ఇక్కడికి వచ్చావు కదా. బస్టాండు నుంచి నా గదికి ఆటో వద్దన్నావు. "నడుద్దాం, ఇంత దూరానికి ఆటో ఎక్కేవాడు మనిషేనా" అన్నావు. కొంచెం దూరం పోయాక సూట్‌కేసుల దుకాణం ముందు ఆగావు. ఆ నీలంది బాగుంది కదా అన్నావు. చిరిగిన ఈలల సంచీతో దేశమంతా తిరిగిన మనిషివి, సూట్‌కేసు బాగుందంటే నేను నిజంగానే సంతోషించాను, పెద్దతనంలో సరదా పుట్టిందని. మళ్లీ కొంచెం దూరం పోయాక కళ్లద్దాల దుకాణం. ఆ తర్వాత చంటిపిల్లల బట్టలు.

"ఈ గౌను ముద్దుగా ఉంది కదే?"

"ఎవరికి నాన్నా?"

"ఎవరికో ఒకరికి. చూడటానికి కూడా మనుషులుండాలా?"

ఆ తర్వాత ఆగింది మూసి ఉన్న దుకాణం ముందు. లోపల ఏమీ లేదు, షట్టర్ దించి ఉంది. నువ్వు దాన్నే చూస్తూ, "రంగు బాగా వేశారు" అన్నావు. నేను రంగు చూడలేదు. నీ చెయ్యి చూశాను. ప్యాంటు మీద నుంచి పిక్కని పట్టుకుని పిసుకుతోంది. నుదుటి మీద చెమట. కాసేపటికి మొహం తేటపడింది, "పద" అన్నావు. మళ్లీ సరిగ్గా అంతే దూరం నడిచి, ఇంకో దుకాణం.

ఈ నడకని నేను రోజూ టైపు చేస్తాను నాన్నా. కొంత దూరం పోగానే పిక్క పట్టేస్తుంది, నిలబడితే వదులుతుంది, మళ్లీ అంతే దూరంలో పట్టేస్తుంది. క్లాడికేషన్ అంటారు. కాలికి వెళ్లే రక్తనాళం పూడుకుపోతుంటే నడిచే కండరానికి చాలినంత రక్తం అందదు, అది అరుస్తుంది. ఊళ్లో ఏ దుకాణంలో ఏముందో తన రోగులకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదని ప్లంబరు అంటుంటాడు. వాళ్లు నొప్పికి ఆగుతారు, చూసేవాళ్లకి మాత్రం ఏదో కొనబోతున్నట్టు కనిపిస్తారు.

ఆ మధ్యాహ్నం నువ్వు నా మంచం మీద నిద్రపోయావు. మేజోళ్లు విప్పి పడుకున్నావు. పిక్క కింద వెంట్రుకలు లేవు, చర్మం నున్నగా మెరుస్తోంది. బొటనవేలి పక్కన మురికిపట్టిన ప్లాస్టర్. నేను పక్కన కూర్చుని నీ పాదం పైన వేలు పెట్టాను. ఆయన నాకు చూపించిన చోటే. చల్లగా ఉంది. ఏమీ కొట్టుకోవడం లేదు. వేలు అటు జరిపాను, ఇటు జరిపాను. రెండో పాదం మీద కొట్టుకుంటోంది, దీని మీద లేదు. నీకు మెలకువ వచ్చింది.

"ఏం చేస్తున్నావే?"

"చీమ."

"చంపావా?"

"దొరకలేదు."

మళ్లీ కళ్లు మూసుకున్నావు. ఆ ప్లాస్టర్ ఏంటని లేచాక అడిగితే, కొత్త బూటు కరిచిందన్నావు. తర్వాత ఫోన్‌లో అమ్మ మాటల మధ్య నవ్వుతూ చెప్పింది. "మీ నాన్నకి కొత్త పిచ్చి పట్టింది. మంచం మీంచి ఒక కాలు కిందకి వేలాడేసి పడుకుంటున్నాడు. కాలికి గాలి కావాలట!" అమ్మ నవ్వింది, నాకు నవ్వు రాలేదు. పైకి పెట్టి పడుకుంటే ఆ కాలికి రక్తం ఎక్కదు. కిందకి వేలాడేస్తే బరువుకి కాస్త దిగుతుంది, నొప్పి తగ్గుతుంది. కదలకుండా పడుకున్నా నొప్పి అంటే అది దుకాణాల ముందు ఆగే దశ దాటిపోయినట్టు. బూటు కరిచిన పుండు మానిందా అంటే, ఇంకా మానలేదు, ఏదో రంగు తిరిగింది అంది.

మర్నాడు ప్లంబరు టీ తాగుతుంటే వెళ్లి అడిగాను. వివరాలన్నీ చెప్పాను, హర్డిల్స్ పెట్టే గది వెనక నువ్వు తాగే సిగరెట్లతో సహా. ఆ సంగతి ఎవరికీ తెలియదనుకుంటున్నావు. జట్టులో ఆఖరి పిల్లకి కూడా తెలుసు. ఆయన కప్పు కింద పెట్టాడు.

"ఎవరమ్మా ఆ మనిషి?"

"మా నాన్న."

"వెంటనే తీసుకురా. ఇప్పుడైతే గొట్టం తెరవొచ్చు. ఆ పుండు నల్లబడి పైకి పాకితే నా చేతిలో మిగిలేది కత్తి ఒక్కటే. కాల్లో పూడుకున్నది గుండెలో పూడుకోకుండా ఉంటుందన్న భరోసా కూడా లేదు. ఏం చేస్తారు ఆయన?"

"పరుగెత్తడం నేర్పుతారు."

ఆయన నవ్వుతాడేమో అనుకున్నాను. నవ్వలేదు.

నీకు ఫోన్ చేసి ఒక్కసారి చూపించుకోమన్నాను, గుర్తుందా. "నీ కాలు నాకు అంటిస్తున్నావా, నాకేం రోగం, నాది అథ్లెట్ ఒళ్లు" అని పెట్టేశావు. ఆ తర్వాత వచ్చినదే నీ ఈ ఉత్తరం, సంతకం కింద ఆ రెండు లైన్లతో. పరీక్షలు లేకుండా అని ఎందుకు రాశావు నాన్నా? ఏమీ లేదనుకునేవాడు ఆ మాట రాయడు. పరీక్షలో ఏం బయటపడుతుందో తెలిసినవాడే రాస్తాడు. నేను జబ్బుందని చెప్తే నటన. నువ్వు జబ్బు దాచుకుంటే క్రమశిక్షణ. పైగా ఆ దాచడంలో నటీమణి సాయం కావాలి.

ఆ సర్టిఫికెట్ తేవడం నాకు కష్టం కాదు. ఆటగాళ్ల క్లినిక్కులో ఒక డాక్టరున్నాడు, అడిగితే మొహం కూడా చూడకుండా సంతకం పెడతాడు. "ఒక్క సంతకమే కదే, కన్న తండ్రి నోరు తెరిచి అడిగాడు" అని కామా అక్క కూడా అంది. నిన్ను కొండ మీద ఊహించుకున్నాను. ఆ పిల్లల ముందు ఆగితే పరువు పోతుందని ఆగవు. అక్కడ దుకాణాలు కూడా లేవు, నిలబడి చూడటానికి. ఆ పుండు మీద బూటు బిగించి, నొప్పిని పరుగెత్తి చంపాలంటూ ముందు నువ్వే పరుగెత్తుతావు. చలికి మొద్దుబారిన కాల్లో ఏం జరుగుతోందో నీకే తెలియదు. అందుకని అడగలేదు. అడగను.

ఇంతదాకా రాయకుండా ఆపుకున్నది ఇప్పుడు రాస్తున్నాను. నిన్న అమ్మకి మొత్తం చెప్పేశాను. గాలి కోసం కాదు, రక్తం కోసం వేలాడేస్తున్నాడని చెప్పాను. ముందు నన్ను తిట్టింది, నీకు అన్నీ జబ్బుల్లాగే కనపడతాయే అంది. కాసేపటికి, "ఎప్పుడు తీసుకురమ్మంటావు?" అంది. గురువారం పొద్దున్న ప్లంబరు దగ్గర నీ పేరు రాయించాను. అమ్మ నిన్ను బయల్దేరదీస్తుంది. నువ్వు రానని గుమ్మంలో కూర్చుంటావనీ తెలుసు. క్యాంపు శుక్రవారమే కదా, కొండెక్కి దిగాక చూద్దాం అంటావు.

అందుకని ఇవాళ పొద్దున్న మీ హాస్టల్ సూపరింటెండెంట్ మేడమ్‌కి ఫోన్ చేశాను. చిన్నప్పుడు ఆవిడ ఆఫీసులో కూర్చుని హోంవర్కు చేసుకునేదాన్ని కదా, గొంతు గుర్తుపట్టింది. నీ కాలు సంగతి చెప్పాను. పుండు సంగతి చెప్పాను.

"మీ నాన్నకి తెలుసా, నువ్వు నాకు చెప్తున్నట్టు?" అంది.

"ఉత్తరం రాస్తున్నాను మేడమ్."

"ఆయన్ని క్యాంపుకి పంపకపోతే పై ఏడాది కాంట్రాక్టు సంగతి నా చేతిలో ఉండదమ్మా. తెలిసే చెప్తున్నావా?"

"తెలిసే చెప్తున్నాను."

రక్తనాళాల డాక్టరు చేత్తో రాసి ఇస్తే తప్ప నిన్ను గ్రౌండులో అడుగు పెట్టనివ్వొద్దని చెప్పాను. ఇంకే డాక్టరు సంతకం తెచ్చినా తీసుకోవద్దని కూడా చెప్పాను. ఈ ఉత్తరం నీ చేతికి వచ్చేసరికి ఆవిడ నిన్ను పిలిచి ఉంటుంది. ఎవరు చెప్పారని వాళ్లనీ వీళ్లనీ అడగొద్దు. చెప్పింది నేనే.

ఇట్లు,
నీ కూతురు